నాయన దాటేసిన మాట

మా నాయన పాట పాడేవాడంటే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ నమ్మరు. అవసరానికి మించిన మాట ఒక్కటైనా ఆయన నోటి నుంచి రావడం వాళ్ళెవరూ విన్నవారు కారు. కానీ చిత్తూరులో మేమున్న మిద్దె ఇంటి తిన్నె మీద, తెల్లవారకముందే లేచి, వేపపుల్ల నోట పెట్టుకునే లోపల, ఆయన సన్నని గొంతుతో ఒక పాట అందుకునేవాడు. ఎప్పుడూ అదొక్క పాటే. అన్నమయ్య కీర్తన, 'అంతర్యామీ అలసితి సొలసితి'. నిద్రా మెలకువా కాని ఆ వేళలో దుప్పటి కింద నుంచి ఆ పాట వింటూ పెరిగాను గనుక, పల్లవి ఇట్లాగే ఉంటుందని చాలా కాలం అనుకున్నాను: 'అంతర్యామీ' అని ఒక దీర్ఘం, ఆ తరువాత పెదవులు మూసుకుని తీసే కూనిరాగం, ఆ వెనుక 'ఇంతట నీ శరణిదె జొచ్చితిని'. నడుమ ఉండవలసిన 'అలసితి, సొలసితి' అనే రెండు మాటలను ఆయన ఎన్నడూ పలకలేదు. రాగం ఆ చోట ఆగేది కాదు. మాట ఒక్కటే ఆగేది.

నాయన బెల్లం మండీలో కాటా వేసేవాడు. చిత్తూరు బెల్లానికి పేరున్న ఊరు. గానుగలు ఆడే రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్ల మీద వచ్చిన దిమ్మలు మండీల ముందు దిగుతుంటే వీధి వీధంతా తీపి వాసన కమ్ముకునేది, సాయంత్రం ఇంటికి వచ్చిన నాయన చొక్కాలోనూ తలపాగాలోనూ ఆ వాసనే ఉండేది. కిలోలు వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు కావస్తున్నా మండీలోని పాతవాళ్ళు నోటి లెక్కను మణుగుల్లోనే చెప్పుకునేవారు. ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇప్పటి లెక్కలో 11 కిలోల పైచిలుకు. కాటా దగ్గర నిలబడే మనిషి బతుకు ఎట్లాంటిదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. తూకం తగ్గిందని రైతు అంటాడు, తూకం పెరిగిందని కొనేవాడు అంటాడు. ముల్లు నిజం చెప్పినా ఇద్దరిలో ఒకరికి అది అబద్ధమే. ఆ ఇద్దరి నడుమ పొద్దుటి నుంచి మాపటి దాకా 'సరే సామీ, మళ్ళీ వేస్తా సామీ' అని అంటూ నిలబడిన మనిషి మా నాయన. ఇంటికి వచ్చాక కాళ్ళు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఏమైందని అమ్మ అడిగేది కాదు, ఏమైందో ఆయన చెప్పేవాడు కాడు. ఇద్దరికీ అది మర్యాదగానే తోచి ఉండాలి.

1980లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, మా పాఠశాలలో కీర్తనల పోటీ పెట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును మొదలుపెట్టిన తరువాతి రోజులవి. అన్నమయ్య పాటలు బడుల్లోకీ, భజన మందిరాల్లోకీ కొత్త వరుసలతో వచ్చి చేరుతున్న కాలం. నాకు ఇంట్లోనే ఒక పాట వచ్చు గదా అనే ధీమాతో పేరు ఇచ్చి, తెలుగు అయ్యవారి దగ్గర పాఠం రాసుకుని ఇంటికి వచ్చాక గానీ పల్లవిలో రెండు మాటలు ఎక్కువ ఉన్నాయని తెలియలేదు. ఆ రాత్రి నాయన దగ్గర కూర్చుని, ఎంతో పెద్ద తప్పు కనిపెట్టినదానిలాగా చెప్పాను.

"నాయనా, నువ్వు నడుమ 'అలసితి సొలసితి' అనే మాట దాటేస్తా ఉండావు. మరిచిపోయినావా?"

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, నవ్వినట్టుగా ముఖం పెట్టి, "ఆ మాటకు నాకు నోరు తిరగదు పాపా" అన్నాడు.

నోరు తిరగని మాట అంటే కష్టమైన సంస్కృత సమాసం అని అప్పటికి నాకు తెలిసిన అర్థం. 'సొలసితి'లో నోరు తిరగకపోవడానికి ఏముందో ఆలోచించే వయసు కాదు. నేను నా పాటికి తరువాతి చరణాలకు అర్థాలు అడిగాను. ఆశ్చర్యమేమంటే, మిగిలిన పాటంతా ఆయనకు కంఠతా వచ్చు, దాని మీద ఆయనకు తన లెక్కలూ ఉన్నాయి. 'భారపు బగ్గాలు' అంటే ఎద్దులకు కట్టే పగ్గాలే అన్నాడు. 'మదిలో చింతలు మైలలు మణుగులు' అనే చరణానికి వచ్చేసరికి, ఆయన జీవితంలో నాతో ఒకేసారి మాట్లాడిన మాటల్లో పొడుగైనవి చెప్పాడు. "చెరుకురసం పొయ్యి మింద కాగేటప్పుడు మైలంతా నురుగై పైకొస్తాది. దాన్ని తీసేస్తా ఉండాల. తియ్యకుంటే అది రసంలోనే కలిసిపోయి బెల్లం నల్లబడతాది. మనసులో మైల అట్లాంటిదే. మణుగులంటావా, మణుగుల లెక్కన మోసేదే గదా చింత." మణుగు అనే మాటకు పండితులు వేరే అర్థం చెప్పవచ్చు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ చరణంలో కాటా మీద దిమ్మలు పేర్చిన చప్పుడే వినిపిస్తుంది. పోటీలో నాకు బహుమతి రాలేదు. అర్థం చెప్పిన రాత్రి మాత్రం మిగిలింది.

తీయవలసిన మైలను తీయకపోతే ఏమవుతుందో అంత బాగా తెలిసిన మనిషి తన లోపలి దాన్ని ఎన్నడూ పైకి రానివ్వలేదు. మండీలో తోటి మనిషి ఒకరి అప్పుకు నాయన జామీను నిలిచాడు. ఆ మనిషి ఒక రాత్రి కుటుంబంతో ఊరు విడిచి వెళ్ళిపోగా అప్పు నాయన మెడకు చుట్టుకుంది. ఏడేళ్ళు కట్టాడు. అమ్మ చెవుల కమ్మలు పోయాయి, అటు తరువాత ఊరి బయటి అరెకరం పోయింది, నా చదువు మాత్రం ఆగలేదు. ఈ సంగతి నాకు ఎప్పుడు తెలిసిందంటే, నాకు పెళ్ళయి తిరుపతికి వచ్చాక, ఒక పండుగ రోజున అమ్మ వంటింట్లో ఏదో మాటల నడుమ చెప్పినప్పుడు. అంతవరకు అమ్మ చెవులకు వేపపుల్లలు ఎందుకున్నాయని నేనూ అడగలేదు. మోసపోయానని గానీ, కోపంగా ఉందని గానీ, భయమేసిందని గానీ ఆయన ఒక్కనాడూ అనలేదు. ప్రతి ఉదయం తిన్నె మీద పాడాడు, ఆ రెండు మాటలను దాటేశాడు, మండీకి వెళ్ళాడు.

నేను తిరుపతిలో ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయురాలినయ్యాను. అన్నమయ్య పాఠం వచ్చిన ప్రతిసారీ పిల్లలకు ఈ పాటను పాఠ్యపుస్తకంలో లేకపోయినా పాడి వినిపించేదాన్ని. 1408లో తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య తన పదహారో ఏట, అంటే 1424లో, పాట మొదలుపెట్టి 1503లో కన్నుమూసే దాకా పాడుతూనే ఉన్నాడనీ, పాడినవి 32,000 అని సంప్రదాయం చెబితే మనకు దక్కినవి 12,000 పైచిలుకనీ చెప్పేదాన్ని. ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలోనే ఒక రాతి గదిలో దాచిన సంగతి వినేటప్పుడు పిల్లల కళ్ళు పెద్దవయ్యేవి. ఆ గది పేరు సంకీర్తన భాండాగారం. రోజూ వేలమంది ప్రదక్షిణ చేస్తున్న దారిలోనే ఆ గది ఉంది, అయినా అందులోని పాటలు వందల ఏళ్ళు ఎవరి చెవినా పడక చీకట్లో ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో రేకులు వెలుపలికి వచ్చినప్పుడు, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటిని చదివి అచ్చుకు ఎక్కించారు. రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. అందువల్ల మనం ఈనాడు వింటున్న వరుసలు చాలావరకు తరువాతివాళ్ళు కట్టినవి. మాట దక్కింది, ఆయన దాన్ని ఏ గొంతుతో పలికాడో అది దక్కలేదు.

ఈ కథంతా ఎన్నో ఏళ్ళు చెప్పాను. పాట భావం ఏమిటని పిల్లలు అడిగితే 'శరణాగతి' అని నల్లబల్ల మీద రాసి, రెండు గీతలు కొట్టేదాన్ని. జవాబు పత్రాల్లో ఆ మాట రాసినవారికి పూర్తి మార్కులు వేశాను. అది తప్పు జవాబు అని నేనిప్పుడూ అనను. కానీ ఆ మాటను నేను ఎంత త్వరగా రాసేదాన్నో తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే పాటలో శరణు కంటే ముందు ఇంకొక మాట ఉంది, నేనూ దాన్ని దాటేస్తూనే వచ్చాను.

1999 ఏప్రిల్‌లో నాయన మా ఇంటికి వచ్చాడు. ముందుగా చెప్పి రావడం అలవాటైన మనిషి ఆ రోజు చెప్పకుండా, ఒక్కడే, పూతలపట్టు, చంద్రగిరి మీదుగా వచ్చే బస్సులో, మిట్టమధ్యాహ్నం ఎండలో దిగాడు. చేతి సంచిలో పాత దినపత్రికలో చుట్టిన బెల్లం అచ్చులు, ఒక పడి వేరుశనక్కాయలు. తిరుపతిలో ఏప్రిల్ ఎండ ఎట్లా ఉంటుందో ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. కొండ మీది బండలు తాగిన వేడంతా సాయంత్రం దాకా ఊరి మీదికే వదులుతుంది. నేను ముందు గదిలో చాప మీద తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. మర్నాటికి మార్కులు ఇచ్చెయ్యాలి, ఇంకా రెండు కట్టలు మిగిలి ఉన్నాయి.

"ఏం నాయనా, ఇంత ఎండలో?"

"ఊరికే వచ్చినా పాపా."

మజ్జిగ ఇచ్చాను. తాగి, చెంబు పక్కన పెట్టి, నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఊళ్ళో అందరూ బాగున్నారా అని అడిగాను, బాగున్నారన్నాడు. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉందని అడిగాను, అట్లే ఉందన్నాడు. అంతటితో మా దగ్గర ఉన్న మాటలు అయిపోయాయి, నేను మళ్ళీ పెన్ను తీసుకున్నాను. ఆయన నా చేతిలోని ఎర్ర సిరా పెన్ను కదలడం చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో నేను చూడలేదు. ఒకసారి గొంతు సవరించుకుని, "నీకు తీరికేనా?" అని అడిగాడు. అడిగిన తీరులో ఏదో ఉందని అప్పుడే తెలిసింది, తెలియలేదని అబద్ధం చెప్పలేను. అయినా తల ఎత్తకుండానే, "ఈ కట్ట అయిపోతే తీరికే నాయనా, రాత్రికి ఉండకూడదా, నిదానంగా మాట్లాడుకుందాము" అన్నాను.

"రాసుకో, రాసుకో" అన్నాడు.

నాలుగు గంటల బస్సుకు లేచాడు. ఉండమని నేను బలవంతం చేసిన మాట నిజమే, కానీ పత్రాలు ఒడిలో పెట్టుకుని చేసిన బలవంతం అది. గేటు దాకా వెళ్ళాక వెనక్కి తిరిగి, "పాపా" అని పిలిచాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. ఆయన నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగి, "తలుపేసుకో, వడగాలి కొడతా ఉంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను తలుపు వేసుకున్నాను.

ఆ ఏడు శ్రావణంలో, ఉదయం మండీకి నడిచి వెళుతూ దారిలోనే ఆయన కుప్పకూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చే సరికే ప్రాణం లేదు. ఏప్రిల్ ఎండలో ఆయన నాకు ఏం చెప్పాలని వచ్చాడో ఎవరికీ తెలియదు. అమ్మను అడిగాను, ఆ రోజు తిరుపతికి పోతున్నట్టే ఆమెకు చెప్పలేదట. ఎదలో నొప్పి అప్పటికే మొదలైందా, డబ్బు కావలసి వచ్చిందా, లేక నిజంగానే ఊరికే చూసిపోవడానికి వచ్చాడా అని ఇన్నేళ్ళుగా తిప్పి తిప్పి ఆలోచించాను. 'ఊరికే' అయితే అది అన్నిటికంటే బరువు. తన బిడ్డ ఎదురుగా కూర్చుని కాసేపు మాట్లాడాలనే కోరిక ఒక్కటే కారణంగా డెబ్బై కిలోమీటర్లు ఎండలో వచ్చిన మనిషికి నేను ఒక కట్ట పత్రాల తరువాత వంతు ఇచ్చాను.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయిన రాత్రి, అమ్మా నేనూ ఆ తిన్నె మీదనే కూర్చున్నాము. నేను పాట సంగతి ఎత్తలేదు. ఆమె తనంత తానే చెప్పింది.

"ఆయన పోయే ముందు వారంలో ఒక మాపు కరెంటు పోయింది పాపా. లోపల ఉక్క పోస్తా ఉందని వచ్చి ఈడ పండుకున్యాడు. నడిజాము దాటినాక పాట ఎత్తుకున్యాడు. ఎప్పుడూ తెల్లవారుజామునే గదా పాడేది, ఇదేందని విన్యా. ఆ పొద్దు నడుమ మాట పలికినాడు. రెండు మార్లు పలికినాడు. అలసితి, సొలసితి అని."

"నువ్వేం చేసినావమ్మా?"

"ఏం చేసేది. పాడుకుంటా ఉండాడులే అనుకొని అట్ల మళ్ళి పండుకున్యా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లేచి వచ్చి ఏమయ్యా అని ఒక్క మాట అడిగుంటే ఏం పోయేది?"

అప్పటి నుంచి ఈ పాట నాకు పాఠం కాకుండా పోయింది. ఒక్కొక్క మాట దగ్గరా నిలబడి మళ్ళీ చదువుకున్నాను. 'అలయడం' ఒంటికి సంబంధించినది. నడిచినా, మోసినా, దున్నినా అలుస్తాము, నిద్రపోతే అది తీరుతుంది. 'సొలయడం' అట్లాంటిది కాదు. నిద్రపోయి లేచినా తీరని నీరసం, లోపల ఎక్కడో ప్రాణం వాలిపోవడం అది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మొదటి శ్వాసలోనే చెప్పేశాడు అన్నమయ్య. ఎవరికి చెప్పాడు? అంతర్యామికి. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకుడికి చెప్పిన అంతర్యామి భూమి లోపల ఉంటాడు, అయినా భూమికి తెలియడు. నీటి లోపల ఉంటాడు, నీటికి తెలియడు. అన్నిటినీ లోపల ఉండి నడుపుతాడు. అట్లాంటివాడికి మన అలసట తెలియకుండా ఎట్లా ఉంటుంది? తెలిసినవాడికి మళ్ళీ చెప్పడం ఎందుకు? నేను ఈ ప్రశ్న దగ్గర చాలా కాలం ఆగిపోయాను, ఎందుకంటే మా ఇంటి మనుషులమంతా ఆ ప్రశ్నను అడ్డం పెట్టుకునే బతికాము. లోపలివాళ్ళే గదా, వాళ్ళకు తెలియదా అని నాయన మాకు చెప్పలేదు. నాయనకు తెలియదా, నాకు ఆయనంటే ఎంత ప్రేమో అని నేను చెప్పలేదు. అన్నమయ్య మాత్రం అన్నీ తెలిసినవాడికి కూడా నోరు తెరిచి చెప్పాడు.

మొదటి చరణంలో ఆయన పాపాన్నీ పుణ్యాన్నీ కలిపి ఒకే పగ్గం అంటాడు. పాపం బరువని ఎవరైనా చెబుతారు. చేసిన మంచి కూడా మెడకు పడిన తాడేనని చెప్పడానికి నాయన లాగా జామీను నిలిచినవాడై ఉండాలి. రెండో చరణంలో ఉన్న 'వినయపు దైన్యము' అనే మాట దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పడిపోతుంది. వినయం గుణమని పిల్లలకు చెబుతాము. కానీ అందరి ముందూ వంగి వంగి, 'సరే సామీ' అని అని, ఆ వంగడంలో నుంచి పుట్టి లోపల పేరుకునే దీనత్వం ఒకటి ఉంటుంది. ఐదు వందల ఏళ్ళ కిందట దానికి అంత సరిగ్గా పేరు పెట్టిన కవి, రాజుల కొలువులూ ధనవంతుల గడపలూ చూసినవాడే అయి ఉండాలి. కాటా దగ్గర నిలబడిన మా నాయనను చూసి రాసినట్టే నాకు అనిపిస్తుంది. ఆ చరణంలోనే చిన్న మాట ఇంకొకటి ఉంది, 'విను విడువవు నీవు విడిపించక' అనే చోట. ఆ 'విను'ను నేను ఇరవైసార్లైనా పాఠంగా చెప్పి ఉంటాను, ఒక్కసారీ పట్టించుకోలేదు. పాట నడుమ, వెళ్ళిపోతున్నవారి చెయ్యి పట్టుకుని ఆపినట్టుగా, 'విను' అంటున్నాడు. గేటు దగ్గర 'పాపా' అని పిలిచి నాయన ఆగిన ఆ క్షణంలో ఉన్నది ఆ మాటే.

పాట చివరికి వచ్చేసరికి నేను ఇంతకాలం చూడనిది కనిపించింది. పల్లవిలో స్వామి లోపల ఉన్నాడు, అంతర్యామి. చివరి చరణంలో 'ఎదుటనె శ్రీవేంకటేశ్వర నీవదె' అంటాడు. లోపల ఉన్నవాడు ఎదుటికి వచ్చాడు. నడుమ జరిగింది ఏమిటి? మూడు చరణాల పొడవునా మనిషి తన కట్లనూ, రోగాలనూ, దైన్యాన్నీ, మైలలనూ ఒక్కొక్కటిగా పైకి చెప్పుకున్నాడు, అంతే. చెప్పుకున్న తరువాత గానీ లోపలివాడు కూడా ఎదుట కనిపించలేదు. దీన్ని పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ, నేను మాత్రం ఈ పాటను ఇట్లాగే చదువుకుంటాను.

'అదన గాచితివి అట్టిట్టనక.' అదను అనేది సేద్యం మాట, మా చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ దుక్కికీ విత్తనానికీ వాడే మాట. వాన పడ్డాక విత్తడానికి ఉండే ఆ నాలుగు రోజులు అదను. అది దాటితే ఎంత మంచి విత్తనమైనా మొలవదు. స్వామి అదనుకు కాపాడాడట, అట్లా ఇట్లా అని సాకులు చెప్పకుండా. నేను ఆ ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పినదంతా అట్టిట్టే: ఈ కట్ట అయిపోనీ, రాత్రికి ఉండు, నిదానంగా మాట్లాడుకుందాము. మంచి మాటలే అన్నీ, అదను తప్పిన మాటలు.

నాయన సంవత్సరీకం అయ్యాక అలిపిరి నుంచి నడిచి కొండ ఎక్కాను. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కే కష్టం ఒక రకం, జింకల వనం దాటాక వచ్చే మోకాళ్ళ పర్వతం కష్టం మరొక రకం. అన్నమయ్య చిన్నవాడుగా మొదటిసారి కొండ ఎక్కుతూ అక్కడే సొమ్మసిల్లి పడిపోయాడని, అలమేలుమంగమ్మ కనిపించి కాలి చెప్పులు విప్పి ఎక్కమని చెప్పి ప్రసాదం పెట్టి సేదదీర్చిందని, అప్పుడు ఆ అమ్మ మీద శతకం చెప్పాడని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాశాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు అలసిపోతే తల్లి వచ్చింది. అంతకు మునుపు పిల్లలకు ఆ కథ చెప్పినప్పుడల్లా చెప్పుల దగ్గర ఆగేదాన్ని, పవిత్రత గురించి చెప్పేదాన్ని. ఆ రోజు ఆ మెట్టు మీద కూర్చుని, చుట్టూ మనుషులు మోకాళ్ళ మీద ఎక్కుతూ 'గోవిందా' అంటూ ఉంటే, పల్లవిని మొదటి నుంచి పాడుకున్నాను. 'అలసితి' దగ్గర నాకూ నోరు తిరగలేదు. రెండోసారి పలికాను.

ఆ తరువాత నల్లబల్ల మీద 'శరణాగతి' అని రాయడం మానలేదు గానీ, దానికంటే ముందు పిల్లలను ఒక్కొక్కరినీ ఆ రెండు మాటలకు తమకు తోచిన అర్థం చెప్పమంటాను. కొందరు సిగ్గుపడి నవ్వుతారు. ఒక పిల్లవాడు, తల్లి తమిళనాడులో పనికి పోయి ఏడాదికి ఒకసారి మాత్రమే వస్తుందని నాకు తరువాత తెలిసింది, లేచి నిలబడి చాలాసేపు ఏమీ చెప్పలేకపోయాడు. నేను గడియారం చూడలేదు. గంట కొట్టినా ఆ పిల్లవాడు కూర్చునే దాకా నిలబడే ఉన్నాను.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, నాయన ఇంటి పద్ధతి ఆమెదీ. ఎట్లా ఉన్నావమ్మా అంటే, 'బాగుండా' తప్ప మరొక జవాబు ఆమె నోట నేను వినలేదు. పోయిన నెలలో ఒక సాయంత్రం, నేను యూనిట్ టెస్టు పత్రాలు ముందు వేసుకుని కూర్చుని ఉండగా, ఆమె మంచం మీద నుంచి ఎవరితోనూ కానట్టుగా, "కాళ్ళు లాగుతా ఉండాయి పాపా" అంది. నేను తల ఎత్తే సరికి, "ఏం లేదులే, నువ్వు రాసుకో" అని అటు తిరిగింది.

పెన్నుకు మూత పెట్టి, పత్రాల కట్టను గూట్లో పెట్టేసి, ఆమె మంచం పక్కన కింద కూర్చున్నాను. పాదాలు ఒడిలోకి తీసుకుని, ఎప్పటి నుంచి లాగుతున్నాయి, ఎక్కడెక్కడ లాగుతున్నాయి, చెప్పమ్మా అన్నాను. ఏమీ లేదంది. మళ్ళీ అడిగాను. చాలాసేపటి తరువాత ఆమె ఇటు తిరిగి, మీ నాయన కమ్మలు అమ్మిన పొద్దు నుంచి, అంటూ చెప్పడం మొదలుపెట్టింది.